గోడౌన్ క్లబ్బులో జామీను సంతకం

మా ముత్తాతగారి తండ్రి సంస్థానంలో పేష్కారు. ముత్తాతగారు మూడు గ్రామాలకు కరణం. తాతగారు ఊళ్ళో సహకార సంఘానికి పన్నెండేళ్ళు అధ్యక్షులు. ఆయన తాలూకా కచేరీకి వెళ్తే తహసీల్దారు లేచి నిలబడేవాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కూడా కొంచెం నిటారుగా కూర్చునేది. బజారుకు వెళ్ళి సరుకులు కొనడం మా ఇంట్లో మగవాళ్ళకూ తెలియదు, ఆడవాళ్ళకూ తెలియదు. దుకాణం షావుకారే ఏడాదికి రెండుసార్లు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఏమేం కావాలో రాసుకుని వెళ్ళేవాడు. ఆ ఇంటికి మగపిల్లలు లేరు. నాన్నగారి తర్వాత మిగిలింది నేనొక్కదాన్నే.

సింగపూర్‌లో ఒక గోడౌన్ లోపలికి వెళ్ళి బియ్యం కొనుక్కోవాలంటే ముందుగా అరవై డాలర్లు కట్టాలని మా వారు చెప్పినప్పుడు నాకు ఎందుకంత కోపం వచ్చిందో అర్థం కావాలని ఇదంతా చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని ప్రపంచమంతా బెంగపెట్టుకున్న రోజులవి. ఆ బెంగే మాలాంటి వాళ్ళకు అన్నం పెట్టింది. నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో, నా వయసుకన్నా పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతుక్కుంటూ కూర్చునేదాన్ని. మా వారు అదే పని మీద నెలకో దేశం తిరిగేవారు. బెడోక్‌లో తొమ్మిదో అంతస్తులో అద్దె ఫ్లాటు. ఒక్కతే కూతురు, రెండో తరగతి.

మా వారు హైస్కూలు మాస్టారి కొడుకు. చవకగా వచ్చే వస్తువు ఎక్కడుందో ఆయనకు ముందే తెలుస్తుంది, దానికి సిగ్గుపడరు కూడా. ఒక ఆదివారం పేపరు మధ్యలోంచి రంగుల కాగితం ఒకటి లాగి నా ముందు పెట్టారు.

"జురాంగ్ వెస్ట్ దాటాక కొత్త క్లబ్బు పెట్టారట. మెంబర్లుగా చేరదాం."

మా ఊళ్ళో క్లబ్బు అంటే తాతగారు సాయంత్రాలు తెల్ల బూట్లు వేసుకుని వెళ్ళే చోటు. చేరాలంటే ఇద్దరు పెద్దమనుషులు పేరు చెప్పాలి, మిగతావాళ్ళు ఒప్పుకోవాలి. ఆ మాట వినగానే, పరాయి దేశంలో కూడా మమ్మల్ని గుర్తించినవాళ్ళు ఉన్నారని ఒక్క క్షణం సంతోషించిన మాట నిజం.

"టెన్నిస్ ఉందా?" అన్నాను.

"బాస్మతి ఉంది. ఇరవై ఐదు కేజీల మూట. ఇది అలాంటి క్లబ్బు కాదు, గోడౌన్. పెద్ద పెద్ద ప్యాకెట్లు, తక్కువ ధర. మెంబర్లకే అమ్ముతారు. ఏడాదికి అరవై డాలర్లు."

"కొంటామని వచ్చినవాడి దగ్గర గుమ్మంలోనే డబ్బు గుంజే దుకాణం ఎక్కడైనా ఉందా?"

"గుడికెళ్తే టికెట్టు కొనవా?"

"గుళ్ళో దేవుడుంటాడు."

"ఇక్కడ పామాయిలు ఉంటుంది. ఆలోచించండి, దొరసానిగారూ."

నాలుగు వారాలు ఆలోచించాం. అంటే ఆయన చెబుతూ ఉన్నారు, నేను వద్దంటూ ఉన్నాను. చివరికి ఒప్పుకున్నది ధరలకు కాదు, ఆ ఫారం చూసి. అందులో అసలు సభ్యుడికి ఒక పేజీ, ఆ కింద 'అనుబంధ కార్డు, భార్య' అని ఒక చిన్న గడి. ఆ గడి చూడగానే పెన్ను తీసుకుని పైపేజీలో నా పేరు రాశాను. కింద గడిలో 'భార్య' కొట్టేసి 'భర్త' అని రాసి ఆయన్ని కూర్చోబెట్టాను. గోడౌన్ కౌంటరు దగ్గర నన్ను గోడకు ఆనించి ఫొటో తీశారు, పోలీసు స్టేషనులో తీసినట్టు. నేను గడ్డం ఎత్తి నిలబడ్డాను.

"ఎన్నికల్లో నిలబడుతున్నావా?" అని మా వారు చెవిలో అన్నారు.

ఆ ఏడాది సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ కార్డు మాకు గిట్టుబాటు కాలేదు. ముగ్గురు మనుషులున్న ఇంటికి ఐదు లీటర్ల వెనిగర్ ఎందుకు? మా అమ్మాయి సరదాపడిందని తెచ్చిన మయోనీజ్ డబ్బా ఎంత పెద్దదంటే, అది అయిపోయేలోగా దాని మీద సరదా అయిపోయింది. టాయిలెట్ రోల్స్ నలభై ఎనిమిది. వాటిని పడగ్గదిలో అల్మరా మీద పేర్చాం. రాత్రి పడుకుని కళ్ళెత్తితే అవే కనిపించేవి. రైల్లో వెళ్ళి, బస్సు మారి, సరుకులతో టాక్సీలో తిరిగి వస్తే, చవకగా దొరికిందంతా టాక్సీ మీటరు తినేసేది. నేను ఇవన్నీ చెబుతుంటే మా వారు, "బియ్యం మాత్రం బాగున్నాయి," అనేవారు.

వీటన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించింది బయటికి వచ్చే దారి. అక్కడ ఎర్ర చొక్కా వేసుకున్న మనిషి నిలబడి, రసీదు తీసుకుని, మనం తోసుకొచ్చిన బండిలో సరుకులు ఒక్కొక్కటీ చూసి, రసీదు మీద పెన్నుతో ఒక గీత గీస్తాడు. డబ్బు కట్టి పది అడుగులు వెయ్యకముందే మనం దొంగలమో కాదో తేల్చుకుంటాడన్నమాట. బయటి దుకాణానికి ఊరికే వెళ్తే ఎవరూ సోదా చెయ్యరు. అరవై డాలర్లు కట్టి మెంబరైతే చేస్తారు. ఇది తప్పని అక్కడ వరసలో నిలబడ్డ ఒక్కరికీ తోచకపోవడం నాకు ఇప్పటికీ వింతే. నేను ప్రతిసారీ రసీదు ఇచ్చి, అతని వైపు చూడకుండా, ఎదురుగా గోడ మీద గడియారం చూస్తూ నిలబడేదాన్ని.

ఇక ఆంటీ గురించి చెప్పాలి. మా పక్క ఫ్లాటులో ఉండేవారు. హైదరాబాద్ ముస్లింలు. సింగపూర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, పిల్లలు పెద్దవాళ్ళై వేరే ఉంటున్నారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలంగాణ తెలుగు, చేపలవాడితో మలయ్ భాష. మా అమ్మాయి మధ్యాహ్నం ఒంటిగంటకు బడి నుంచి వస్తే, నేను ఏడింటికి ఇల్లు చేరేదాకా ఆంటీ దగ్గరే. అక్కడే అన్నం, అక్కడే హోంవర్కు. ఆ ఆరు గంటలు ఆమె చూసుకోకపోతే నాకు ఉద్యోగం లేదు. అంత సూటి లెక్క అది. మొదటి నెలలో కవరులో డబ్బు పెట్టి ఇవ్వబోయాను.

"బిడ్డను కూసోబెట్టుకున్నందుకు పైసలిస్తవా? మల్ల ఆ మాటంటే తలుపు తియ్య," అంది.

పండక్కి చీర పెడితే తీసుకోలేదు. నూనె డబ్బా ఇస్తే తిరిగి ఇచ్చేసింది. రెండేళ్ళలో ఆమె నన్ను ఏదీ అడగలేదు.

రంజాన్ దగ్గర పడుతుండగా, నాలుగిళ్ళకు పంచడానికి బియ్యం కావాలని అంటే, నేనే ఆమెను గోడౌన్‌కు తీసుకెళ్ళాను. బండిలో రెండు మూటలు, నాదొకటి, ఆమెదొకటి. నా కార్డు మీదే డబ్బు కట్టాం, ఆమె వాటా ఆమె చేతికిచ్చింది. బయటికి వచ్చే దారిలో ఎర్ర చొక్కా మనిషి రసీదు చూసి, మూటలు చూసి, మా ఇద్దరినీ చూశాడు.

"రెండు మూటలా? ఇదెవరిది?"

అబద్ధం ఆడడం ఆంటీకి రాదు. "నాది," అంది.

"నీకు కార్డు లేదు కదా. ఇంకొకరి కార్డు మీద కొనకూడదు, ఆంటీ," అని వంగి ఆ మూట ఎత్తి నేల మీద పెట్టాడు. వరసలో వెనక ఉన్నవాళ్ళు మెడలు చాచి చూశారు.

నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ రోజు వాడాను. ఈవిడ మా ఇంటి మనిషి అన్నాను. డబ్బు కట్టిన సరుకు మీద చెయ్యి వేసే హక్కు నీకెవరిచ్చారన్నాను. మేనేజరును పిలవమన్నాను. మేనేజరు వచ్చి, ఈ ఒక్కసారికి అంటూ మూట మళ్ళీ బండిలో పెట్టించాడు. ఆ 'ఈ ఒక్కసారికి' అన్న మాటకు నేను మళ్ళీ మొదలుపెట్టబోతే, ఆంటీ నా మణికట్టు పట్టుకుని, "జానే దో బేటీ, పోనియ్యి," అంది.

టాక్సీలో ఇంటికి బయల్దేరాం. బెడోక్ దగ్గర పడ్డాక ఆంటీ అంది: "యాభై ఎనిమిదేండ్లు వచ్చినయి నాకు. ఇంకొకరి కార్డు చాటున నిలబడి బియ్యం కొన్న ఇయ్యాల. నా కార్డు నాకే కావాలె."

నాకు ఆ మాట నచ్చింది. మా నాయనమ్మ అనవలసిన మాట అది.

మూడు రోజుల తర్వాత ఫారం నింపి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, నవ్వుతూ మా ఇంటికి వచ్చింది. మా వారు అప్పుడు హాంకాంగ్‌లో ఉన్నారు.

"గిక్కడ నువ్వు సంతకం పెట్టాల్నంట బేటీ. నాకు జామీన్ నువ్వేనంట."

ఫారం చూశాను. చివరి గీత మీద, మేం చేరినప్పటి ఫారంలో లేని మాట, 'స్పాన్సరింగ్ మెంబర్' అని ఉంది. స్పాన్సర్ అంటే ఏమిటో సింగపూర్‌లో ఉద్యోగానికి వచ్చిన ప్రతివాడికీ తెలుసు. మా అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు అలాంటి గీత మీదే సంతకం పెట్టాం, ఆమె గడువు దాటి ఉండిపోతే బాధ్యత మాదేనని. పైగా ఆంటీ నోట జామీను అన్న మాట వచ్చింది.

"మా ఇంట్లో జామీను సంతకాలు పెట్టం, ఆంటీ," అన్నాను.

"కార్డుకే గదమ్మా."

"దేనికైనా సరే."

"నేనేమన్న బియ్యం ఎత్తుకపోతనా?" అని ఇంకా నవ్వుతూనే ఉంది.

"మీరనే కాదు, ఎవరికైనా అంతే. మా ఇంటి నియమం."

నవ్వు ఆమె మొహం మీద ఇంకాసేపు ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. కాగితం నాలుగు మడతలు పెట్టి, "మంచిదమ్మా," అని వెళ్ళిపోయింది.

ఆ నియమం ఊరికే పుట్టింది కాదు. మా తాతగారు క్లబ్బు స్నేహితుడొకరు బియ్యం మిల్లు పెట్టుకోవడానికి తీసుకున్న అప్పుకు జామీను ఉన్నారు. సాయంత్రం పేకాట మధ్యలో కాగితం తెస్తే, చదవకుండా సంతకం పెట్టారట. మిల్లు మూతపడింది, స్నేహితుడు రాత్రికి రాత్రి ఊరు విడిచాడు. కాగితం తాతగారి తర్వాత నాన్నగారి మెడకు చుట్టుకుంది. నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్నగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఎవరికీ జామీను ఉండకు. నీకు ఉండమని ఎవరినీ అడగకు," అని మాట తీసుకున్నారు. ఏమేం పోయిందో బయటివాళ్ళకు చెప్పడం కూడా మా ఇంట్లో లేదు. అందుకే ఆంటీకి నియమం చెప్పాను కానీ, దాని వెనక కథ చెప్పలేదు.

మర్నాడు ఏడింటికి వెళ్ళేసరికి మా అమ్మాయి గుమ్మంలో సిద్ధంగా ఉంది. తల దువ్వి, బూట్లు తొడిగి, సంచి భుజానికి తగిలించి ఉంది. అంతకుముందు నేను వెళ్ళాక లోపలికి పిలిచి, ఒక గ్లాసు చాయ్ ఇచ్చి, పిల్ల చేసిన అల్లరంతా చెబితే గాని వదిలేది కాదు.

"అన్నం తిన్నది. హోంవర్కు అయింది. మీరు చూసుకోండి," అంది ఆంటీ.

మీరు. రెండేళ్ళలో మొదటిసారి. నాకు తలుపు మొహం మీద వేసినట్టయింది. మరుసటి రోజు 'మేడమ్' కూడా వచ్చింది.

నాకు బాధకన్నా కోపమే ఎక్కువ వచ్చింది. నేను చేసిన తప్పేమిటి? మాట మీద నిలబడడం ఎప్పటినుంచి తప్పయింది? నేను అన్నం వడ్డిస్తూ ఇవన్నీ పైకే అంటున్నట్టున్నాను. మా అమ్మాయి కంచంలోంచి తలెత్తి, "అమ్మా, వై సో యాంగ్రీ లా? ఆంటీ ఈజ్ ఓన్లీ సాడ్," అంది.

వారం గడిచాక ఆంటీ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "వచ్చే నెల నుంచి వేరే బందోబస్తు చూసుకోండి మేడమ్. నా మోకాళ్ళు మంచిగ లేవు."

మోకాళ్ళ సంగతి కాదని ఇద్దరికీ తెలుసు. ఆ రాత్రి హాంకాంగ్‌కు ఫోను చేశాను.

"ఒక్క సంతకం కదా," అన్నారు మా వారు.

"తాతగారు పెట్టింది కూడా ఒక్క సంతకమే," అన్నాను.

ఆయనకు ఆ కథ తెలుసు. సంతకం మాట వదిలేశారు. తర్వాత, "పిల్లను ఎక్కడ పెడతావు?" అని అడిగారు. ఉద్యోగం మానెయ్యాలా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కానీ ఫోను పెట్టేశాక నేను లెక్కపెట్టుకున్నవి నెల చివరికి మిగిలిన రోజులే.

కార్డు గడువు కూడా ఆ వారమే ముగిసింది. మళ్ళీ కట్టమని ఉత్తరం వచ్చింది. కట్టేది లేదని ఎప్పుడో తేల్చుకున్నాను. ఆ ముక్క వాళ్ళ మొహాన చెప్పి, కార్డు బల్ల మీద పెట్టి రావాలని శనివారం పిల్లను వెంటబెట్టుకుని జురాంగ్ దాకా వెళ్ళాను. కౌంటరులో ఇరవై ఏళ్ళ చైనీస్ అమ్మాయి ఉంది.

"ఇవ్వక్కర్లేదు మేడమ్. కట్టకపోతే అదే పోతుంది," అంది.

అంత దూరం వెళ్ళి, ఆ మాట విని తిరిగి రావడం నాకు చేతకాలేదు. బల్ల మీద కొత్త ఫారాల కట్ట ఉంది. ఒకటి లాగి చివరి గీత మీద వేలు పెట్టాను.

"ఇక్కడ సంతకం పెట్టించుకుని మనుషుల్ని ఇరికించడం న్యాయమేనా? ఆ కొత్త మెంబరు బాకీ పడితే, ఈ సంతకం పెట్టినవాళ్ళు కట్టాలా?"

ఆ అమ్మాయి నా మొహం వైపు, ఫారం వైపు చూసింది. "ఇక్కడ అప్పు లేదు మేడమ్. డబ్బు కడితేనే సరుకు. బాకీ ఎలా పడతారు?"

పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కవాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని. ఏడాదిపాటు రొక్కమిచ్చి కొన్న చోట అప్పు ఉండదన్న సంగతి నాకు తట్టలేదు.

"మరి ఈ స్పాన్సర్ ఎందుకు?"

"గొడుగు ఇవ్వడానికి. ఎవరు పరిచయం చేస్తే వాళ్ళకి ఒక గొడుగు." కౌంటరు కిందనుంచి మడత గొడుగు ఒకటి తీసి చూపించింది.

గొడుగుకు అంత పెద్ద మాట ఎందుకు రాశారని అడిగాను. 'పరిచయం చేసినవారు' అని రాస్తే కాగితం చినుగుతుందా అని అడిగాను. ఒక మాట ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్ళు ఫారాలు అచ్చువెయ్యకూడదని ఫిర్యాదు పుస్తకంలో పేజీన్నర రాశాను. ఆ రాతలో ఒక్క అక్షరం కూడా నేను ఇవాళ వెనక్కి తీసుకోను. రాయడం అయ్యాక, గడువు తీరిన మెంబరు సంతకం చెల్లుతుందా అని అడిగాను. చెల్లదంది. పర్సు తీసి అరవై డాలర్లు కట్టాను. అక్కడ కొనవలసినది నాకు ఒక్కటీ లేదు. ఏడాదంతా ఆ కార్డు దండగ అని వాదించినదాన్ని, ఒక్క సంతకం కోసం ఇంకో ఏడాదికి కొనుక్కున్నాను.

ఆ సాయంత్రం ఆంటీ తలుపు తట్టాను.

"చెప్పండి మేడమ్."

"ఆ ఫారం ఉందా ఆంటీ? సంతకం పెడతాను."

"మీ ఇంట్ల పెట్టరు గద."

"అది జామీను కాదట. ఊరికే పరిచయం. గొడుగు ఇస్తారట."

ఆంటీ కొంగుతో చేతులు తుడుచుకుంది. తొందరపడలేదు.

"గొడుగైతే పెడతవు. జామీనైతే పెట్టవు. గంతే గద? నేను జామీనే అడిగిన్ననుకున్నవు ఆ దినం. అనుకునే కాదన్నవు. రెండేండ్ల సంది నీ బిడ్డ నా ఒళ్ళ పంటున్నది."

కోపంలోనైనా 'నువ్వు' అంది.   మా అమ్మాయి మా ఇద్దరి మధ్యనుంచి దూరి లోపలికి వెళ్ళి, రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఆంటీ అటు చూసి, నాకు దారి ఇచ్చింది.

ఫ్రిజ్ మీదనుంచి నాలుగు మడతల కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. పెన్ను ఇవ్వలేదు. కాగితం మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

"ముందు చెప్పు. ఒట్టిగ ఎవరూ గట్ల అనరు. మీ ఇంట్ల ఎవరు పెట్టిన్రు జామీను?"

"మా తాతగారు."

"ఏం పోయింది?"

మా వారికి తప్ప ఎవరికీ చెప్పనిది ఆ బల్ల దగ్గర చెప్పాను. మిల్లు, పేకాట, కాగితం, అన్నీ వరసగా చెప్పాను. ఆంటీ మధ్యలో అయ్యో అనలేదు, తల ఊపలేదు. అందుకు నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

"పొలమా?" అంది.

"పొలం మొదటి ఏడాదే."

"ఇల్లు?"

"మరుసటి ఏడాది వేలం వేశారు."

"గంతేనా?"

అంతే కాదు. కాగితం మీదనుంచి ఆమె చెయ్యి తీసింది, నేను సంతకం పెట్టాను, వచ్చే నెల కూడా పిల్లను తన దగ్గరే ఉంచమంది, ఆ తర్వాత మిగతాది చెప్పాను. ఆఖరున అమ్మినవి వంటింటి సామాన్లు. రెండు రాగి కాగులు, ఐదు ఇత్తడి గుండిగలు, నాయనమ్మ పేరు చెక్కిన నీళ్ళ బిందె. వీధి గుమ్మంలోకే త్రాసు తెచ్చి, తూకానికి కొనుక్కుపోయారు.